ఏడు నిమిషాల నాడి

మొదట చిత్కళ తన లెక్కే తప్పనుకుంది.

తెర మీద అమ్మాయి భయాన్ని నటిస్తోంది. యంత్రం చూపిస్తున్న నాడి మాత్రం నిమిషానికి నూట యాభై రెండు. అదీ షాట్ మొదలైన మొదటి సెకను నుంచే. నటనలో మునిగిపోయినవాళ్ళకి గుండె వేగం పెరగడం మామూలే. అయితే అది మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి కెమెరా ముందు నిలబడ్డట్టు ఉండదు. చిత్కళ ఆ ముక్కని మళ్ళీ మొదటినుంచి నడిపించింది. మళ్ళీ నూట యాభై రెండే.

సినిమా పేరు 'గడియ'. అరవై ఏళ్ళ కిందట మద్రాసులో తీసిన నలుపు తెలుపు బొమ్మ. కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి పక్కగదిలో అడుగుల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. డాక్టరు మొగుడు అదంతా నీ భ్రమ అంటాడు. చుట్టాలూ అదే మాటంటారు. చివరికి మొగుడు ఆ అమ్మాయిని అదే గదిలోకి తోసి బయట గడియ వేస్తాడు. అక్కడొస్తుంది ఏడు నిమిషాల షాట్. మధ్యలో ఒక్క కోత లేదు, సంగీతం లేదు. గదిలో ఆ అమ్మాయి ఒక్కతే. ఆ షాట్ చూసి హాల్లో మనుషులు లేచి బయటికొచ్చేసేవారని చెప్పుకుంటారు. తీసినాయన సదానందమూర్తి. నటించినామె పేరు హేమాంగి. అదే ఆమె ఆఖరి సినిమా.

ఇప్పుడు ఆ కథని ఈ కాలానికి మార్చి తీస్తున్నది సదానందమూర్తి మనవరాలు ఇరావతి. ముప్పై ఆరేళ్ళ మనిషి, అప్పటికే రెండు సినిమాలు తీసింది. తాతయ్య ఒళ్ళో కూర్చుని సినిమా నేర్చుకున్నానని ఎవరడిగినా చెబుతుంది. చిత్కళని వెతుక్కుంటూ వచ్చిందీ తనే.

చిత్కళ నిజానికి సినిమా మనిషి కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుల కోసం నాలుగేళ్ళు కష్టపడి ఒక యంత్రం చేసింది. దానికి తోడునాడి అని పేరు పెట్టుకుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మొహంలోకి రక్తం పొంగి, చర్మం వెంట్రుకవాసి నల్లబడి మళ్ళీ తేటపడుతుంది. కంటికి ఆనని ఆ తేడాని యంత్రం కెమెరాలోంచి పసిగడుతుంది. పట్టుకున్న నాడినీ ఊపిరినీ ఒక మెత్తటి పరుపు ద్వారా ఇంకో ఒంటికి అందిస్తుంది. అరచేతి కింద, వీపు కింద చిన్న చిన్న తాకిళ్ళు, అంతే. రెండు మూడు నిమిషాల్లో ఆ ఒళ్ళు తనకి తెలియకుండానే ఈ లయలోకి వచ్చేస్తుంది. తల్లి నాడి అలా అందితే పసిపిల్ల గుండె కుదుటపడేది. కాని ఆస్పత్రులు అనుమతులు, కమిటీలు అంటూ తిప్పించుకుని చివరికి వద్దన్నాయి. అదే యంత్రాన్ని ఒక ప్రదర్శనలో చూసిన ఇరావతి, నెమ్మదింపజేసేది బెదరగొట్టనూ గలదు కదా అని అడిగింది. చిత్కళ చాలాసేపు ఆలోచించి, గలదు అంది.

ఇరావతి ఆలోచన తేలిగ్గానే అర్థమయ్యేది. ఈ రోజుల్లో ఎవరినీ భయపెట్టలేకపోతున్నాం, తెర మీద దయ్యం కనబడితే అది ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో పదేళ్ళ పిల్లాడు కూడా చెబుతున్నాడు అనేది. కథంతా ఇప్పటి ఫ్లాటులో, ఇప్పటి మొగుడూ పెళ్ళాలతో కొత్తగా తీసి, చివర్న మాత్రం తాతయ్య తీసిన ఆ ఏడు నిమిషాల్నే ఉంచాలని ఆమె పట్టుదల. అప్పుడు ప్రేక్షకుడి కుర్చీలో హేమాంగి నాడి మోగుతుంది. అరవై ఏళ్ళ కిందటి భయం చూసేవాడి ఒంట్లోకి దిగుతుంది.

మణికొండలో రెండో అంతస్తులో ఉన్న ల్యాబుకి ఆ ఆదివారం చిత్కళ తన భర్త ఫణీంద్రని తీసుకెళ్ళింది. అతను జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. భయపడే రకం కాదు. దయ్యం సినిమాలు చూస్తూ మధ్యలో పకోడీలు అడిగే మనిషి. అందుకే మొదటి పరీక్షకి అతన్నే ఎంచుకుంది. అతను నవ్వుతూనే కుర్చీలో కూర్చున్నాడు. షాట్ మొదలైన మూడో నిమిషానికి అతని నాడి హేమాంగి నాడితో కలిసింది. తెర మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతైపోయాయి. ఆరు నిమిషాలు నిండకముందే ఆ గీత ఉన్నట్టుండి కిందికి జారింది. నూట అరవై నుంచి ఎనభైకి. చిత్కళ కంగారుగా అతని మొహంలోకి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు. ఏడు నిమిషాలూ అయ్యాక అతను లేచి, కాసిని మంచినీళ్ళు తాగి, బాగానే ఉందన్నాడు. ఇంటికెళ్ళేటప్పుడు లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగాడు.

సోమవారం కాలేజీలో క్లాసు తలుపు తీసే ఉంచి పాఠం చెప్పాడు. మంగళవారం స్నానానికి వెళ్ళి తలుపు వెయ్యలేకపోయాడు. బుధవారం మధ్యాహ్నం కూతురు మైత్రి బడినుంచి వచ్చి, ఏసీ చల్లదనం పోకుండా గది తలుపు మూసింది. మంచం మీద పడుకున్న ఫణీంద్ర ఒక్క ఉదుటున లేచి ఆ తలుపుని లాగాడు. తొమ్మిదేళ్ళ పిల్ల వేళ్ళు బందుల దగ్గర ఉన్నాయి. రెండు వేళ్ళు నలిగాయి, ఒక గోరు ఊడిపోయింది.

కట్టు కట్టించుకుని వచ్చాక పిల్ల నిద్రపోయింది. ఫణీంద్ర వరండాలో నేల మీద కూర్చుని, తన చేతుల వంక చూసుకుంటూ అన్నాడు.

"నాకు భయం వెయ్యడం లేదు చిత్కళా. నా ఒంటికి వేస్తోంది. నేను ఎంత చెప్పినా అది వినడం లేదు."

 ఆ రాత్రంతా చిత్కళకి ఆ జారిపోయిన గీతే కళ్ళలో మెదిలింది. అలాంటి జారుడు ఆమె వార్డుల్లో రెండు మూడుసార్లు చూసింది. ఏడ్చి ఏడ్చి, ఎవరూ ఎత్తుకోక, పసిపిల్ల ఊరుకునే క్షణం అది. చూసేవాళ్ళు నిద్రపోయిందనుకుంటారు. పోరాడి పోరాడి ఒళ్ళు వదిలెయ్యడం అది. అలాంటిది నటించడం ఎవరివల్లా కాదు. మరి ఆ రోజు ఆ గదిలో ఏం జరిగింది?

ఇరావతి ఆఫీసులో హేమాంగి చిరునామా ఉంది. సన్మానానికి పిలిస్తే రాలేనని హేమాంగి రాసిన ఉత్తరం మీద చూసి చిత్కళ రాసుకుంది. అసలు పేరు సీతారత్నం. ఊరు కడియం దగ్గర. శుక్రవారం పొద్దున్న చిత్కళ రాజమండ్రిలో రైలు దిగి ఆటో మాట్లాడుకుంది.

రోడ్డుకి రెండు పక్కలా మొక్కల నర్సరీలే. సీతారత్నం నర్సరీ ఒక మలుపులో ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, నేత చీర, చెవులకి దుద్దులు, చేతిలో నీళ్ళ గొట్టం. మందార మొలకలకి నీళ్ళు పెడుతూ, ఎన్ని మొక్కలు కావాలమ్మా అని అడిగింది. చిత్కళ తానెవరో చెప్పాక గొట్టం కట్టేసి, ఇంట్లోకి రమ్మంది.

ఆ ఇంట్లో గదులకి తలుపుల్లేవు. ద్వారబంధాలున్నాయి, బందులు పీకేసిన గుర్తులున్నాయి. తలుపుల బదులు పల్చటి నూలు తెరలు వేలాడుతున్నాయి. చిత్కళ వాటి వంకే చూడడం గమనించి సీతారత్నం, పెళ్ళయిన కొత్తలో మావారే ఊడదీయించారని చెప్పింది. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదట. పోయి తొమ్మిదేళ్ళయిందట.

చిత్కళ తన ల్యాప్‌టాప్ తెరిచి ఆ గీత చూపించింది. ఇది మీ గుండె అని చెప్పింది. ఇక్కడ మీకు ఏమైందో నాకు తెలియాలి అని అడిగింది. తన భర్త సంగతీ, పిల్ల వేళ్ళ సంగతీ కూడా దాచకుండా చెప్పింది. సీతారత్నం ఆ గీత మీద వేలు పెట్టి, మొదటినుంచి చివరిదాకా మెల్లగా జరిపింది. జారిన చోట వేలు ఆగింది. ఆ తరవాత చెప్పడం మొదలుపెట్టింది.

సెట్ కోసం నిజంగానే ఇటుకలతో గది కట్టారట. టేకు తలుపు. గోడకి చిన్న కన్నం పెట్టి కెమెరా బయటే ఉంచారు. అయిదు నిమిషాల షాటమ్మా, మూడుసార్లు తలుపు కొట్టి ఏడవాలి అని డైరెక్టరు గారు చెప్పారు. పొద్దున్న పదింటికి లోపలికి పంపి గడియ వేశారు. ఆమె మూడుసార్లు కొట్టింది, ఏడ్చింది. అయిపోయిందనుకుని మళ్ళీ కొట్టింది. ఎవరూ తియ్యలేదు. ఇంకా తీస్తున్నారేమోనని మళ్ళీ నటించింది. చాలాసేపయ్యాక మేకప్ ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది. లైట్ల ఆయన్ని, కెమెరా ఆయన్ని, డైరెక్టరు గారిని పిలిచింది. పలకొద్దని అందరికీ ముందే చెప్పి ఉంచారని ఆమెకి తెలియదు. తలుపు కింద సందు ఉంది. నేల మీద పడుకుని అందులోంచి చూస్తే వాళ్ళ కాళ్ళు కనబడుతున్నాయి. చెప్పులు, ధోవతి అంచులు. ఎవరివి ఎవరివో పోల్చుకుంది కూడా. ఆ కాళ్ళు కదలడం లేదు.

కెమెరా ఎప్పుడు ఆన్ చేశారో ఆమెకి తెలియదు. తలుపు తీసేసరికి మధ్యాహ్నం మూడయింది. డైరెక్టరు గారు కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చి ఆమె మెళ్ళో దండ వేశారు. నీలాంటి నటి ఇంకో వందేళ్ళకి పుట్టదమ్మా అన్నారు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఇంకో రెండు రోజులు మిగిలిన షూటింగు చేసి, ఊరికొచ్చేసింది. తరవాత వచ్చిన సినిమాలన్నీ వదులుకుంది. పెళ్ళి కుదిరిందని అందరితో చెప్పింది.

ఈ మాట బయటపెడితే ఆ షాట్‌ని జనం ఒంట్లోకి దింపకుండా ఆపెయ్యొచ్చు అంది చిత్కళ. సీతారత్నం తల అడ్డంగా ఊపింది.

"అరవై ఏళ్ళుగా మనుషులు ఇక్కడికొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారమ్మా, ఎంత బాగా చేశారండీ అని. మొక్కలు కొనడానికొచ్చినవాళ్ళు కూడా. నాకున్నది ఆ ఒక్క మాటే. అది నటన కాదని ఇప్పుడు చెబితే, నేను నటినే కాకుండా పోతాను. ఆ గదిలో పోయింది పోయింది. ఇది కూడా పోవాలా?"

ఎవరితోనూ చెప్పనని చిత్కళ దగ్గర మాట తీసుకుంది. తిరుగు రైల్లో చిత్కళ కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట ఎలా ఇచ్చానా అనుకుంటూనే ఉంది. ఇవ్వకుండా ఉండే దారీ కనబడలేదు.

తోడునాడి కుర్చీల్లో నలభై మందిని కూర్చోబెట్టి ఆ ఏడు నిమిషాల్నీ చూపించే మొదటి ప్రదర్శన వచ్చే శనివారం పొద్దున్న పదింటికని ఖాయమైంది. చిత్కళ ఇరావతిని కలిసి ఫణీంద్ర పరిస్థితి చెప్పింది. ఇరావతి నిజంగానే బాధపడింది, పిల్లకి ఎలా ఉందని రెండుసార్లు అడిగింది. కాని ఒక్క మనిషికి ఇలా అయితే అందరికీ అవుతుందని ఎలా అంటాం, తాకిళ్ళ జోరు సగానికి తగ్గిద్దాం అంది. తగ్గించినా ఒళ్ళు నేర్చుకునేది అదే పాఠమని చిత్కళ వాదించింది. మాటా మాటా పెరిగింది. చివరికి ఇరావతి, ఎవరో ఎందుకు, శుక్రవారం నేనే కూర్చుంటానంది. పూర్తి జోరు మీద. నాకేమీ కాకపోతే శనివారం ప్రదర్శన జరుగుతుంది.

మధ్యలో ఉన్న ఆ నాలుగు రోజులూ చిత్కళ ల్యాబులోనే ఎక్కువ గడిపింది. సీతారత్నం అన్న మాట ఆమెని వదల్లేదు. ఏడు నిమిషాల షాట్ తప్ప మిగతా సినిమా మీద తోడునాడిని ఎవరూ నడపలేదు. భయపెట్టడానికి పనికొచ్చేది అదొక్కటే కదా అనుకున్నారు. చిత్కళ ఇప్పుడు మొదటి రీలు నుంచి మొదలుపెట్టి, హేమాంగి మొహం కనబడిన ప్రతి ముక్కనీ చదివించింది. గురువారం సాయంత్రం నాలుగింటికి ఒకచోట ఆగింది. ఆ ముక్కని తిప్పి తిప్పి నాలుగుసార్లు చూసింది. తరవాత దాన్ని విడిగా భద్రపరిచి, ఇంటికెళ్ళి, కూతురి కట్టు మార్చింది.

శుక్రవారం ఇరావతి కుర్చీలో కూర్చుని చేతులు పరుపు మీద పెట్టింది. కూర్చునే ముందు ఒక మాట తీసుకుంది. నేనేం చేసినా, ఎలా ఉన్నా, ఏడు నిమిషాలయ్యేదాకా ఆపొద్దు. మధ్యలో ఆపితే మీరు కావాలనే ఆపారనుకుంటాను. చిత్కళ అద్దం అవతల మీటల గదిలో కూర్చుంది. ఇద్దరి మధ్యా మందపాటి అద్దం. మాట వినబడదు, మనిషి కనబడుతుంది.

రెండో నిమిషంలో ఇరావతి ముందుకి వంగింది. మూడో నిమిషంలో గీతలు కలిశాయి. ఆమె మెడ మీద చెమట చిత్కళకి స్పష్టంగా కనబడుతోంది. నాలుగో నిమిషంలో ఆమె కుడిచెయ్యి పైకి లేచింది. తెర మీద అమ్మాయి తలుపు కొడుతోంది. ఇరావతి గాలిలో కొట్టింది, ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఇచ్చిన మాట గుర్తొచ్చి చిత్కళ మీట మీదున్న చేతిని వెనక్కి తీసుకుంది. ఇరావతి పెదవులు కదులుతున్నాయి. ఎవరినో పిలుస్తోంది. చిత్కళ గడియారం చూసింది. అయిదు నిమిషాల పది సెకన్లు. ఇంకో అర నిమిషంలో గీత జారుతుంది. జారాక ఏమవుతుందో ఫణీంద్ర దగ్గర చూసింది.

తను కూర్చున్నది తలుపు బయట, ఆ కదలని కాళ్ళ పక్కనే అని అప్పుడు తట్టింది ఆమెకి. మీట కిందికి లాగేసి, తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

ఇరావతి వణుకుతున్న చేతుల్ని చంకల్లో పెట్టుకుని కూర్చుంది.  ఎందుకు ఆపారని అడగలేదు.

"బయట ఎవరున్నారు?" అంది.

చిత్కళ మంచినీళ్ళ గ్లాసు ఆమెకి అందించింది.

"దయ్యానికి భయపడే మనిషి గోడకి అతుక్కుపోతుంది చిత్కళగారూ. నా ఒళ్ళు తలుపు వైపుకి పోతోంది. అవతల మనుషులున్నారని ఆమెకి తెలుసు. తెలిసే పిలుస్తోంది. ఎవరు వాళ్ళు?"

తను మాటిచ్చానని మాత్రం చెప్పింది చిత్కళ. ఎవరికి ఇచ్చిందో ఇరావతికి వెంటనే అర్థమైంది.  తరవాత, ఎవరితోనో కాదు తనలో తను అనుకుంటున్నట్టుగా, తాతయ్య ఆ షాట్ గురించి చెప్పేటప్పుడల్లా ఒక మాట అనేవాడని చెప్పింది. పండు పండేదాకా ఆగాను అనేవాడట. ఆమెకి ఏడేళ్ళప్పుడు ఆ మాట అర్థం కాక, ఏం పండు తాతయ్యా అని అడిగితే, ఆయన పెద్దగా నవ్వి బుగ్గ గిల్లాడట. ఆ మాటని ఆమె తన సినిమా మొదటి కాగితం మీద రాసుకుంది కూడా.

శనివారం ప్రదర్శన జరగలేదు. ఆ రోజు ఇద్దరూ కడియంలో ఉన్నారు.

సీతారత్నం ఇరావతిని చూడగానే పోల్చుకుంది. తాతగారి కనుబొమ్మలు వచ్చాయంది. ఇరావతి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, మా తాతయ్య తరఫున అని మొదలుపెట్టబోయింది. ముసలావిడ చెయ్యెత్తి ఆపింది. అది ఆయన చెప్పాల్సిన మాట, చెప్పకుండా పోయాడు, మధ్యలో నీకెందుకమ్మా అంది. మాట తప్పావా అన్నట్టు చిత్కళ వంక చూసింది. తను ఏమీ చెప్పలేదనీ, ఇరావతి ఆ కుర్చీలో కూర్చుని తనే తెలుసుకుందనీ చిత్కళ చెప్పింది. సీతారత్నం ఆశ్చర్యంగా ఇరావతి భుజం మీద చెయ్యి వేసి, ఇంకా ఒణుకుతున్నావేమ్మా అంది.

కాఫీలు తాగాక చిత్కళ ల్యాప్‌టాప్ తెరిచింది. ఏడు నిమిషాల షాట్ కాదు, ఇంకో ముక్క. సినిమాలో సగం దగ్గర వస్తుంది. అమ్మాయి వంటింట్లో పాలు కాచుకుంటూ ఉండగా పక్కగదిలో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. అరిచేది లేదు, పరుగెత్తేది లేదు. పాలగిన్నె పట్టుకున్న పట్టకారు కొద్దిగా ఊగుతుంది. మెడ నరం బిగుస్తుంది. మొహంలో కళ పోతుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా ఆమె చెవి ఆ గది వైపే ఉంటుంది. రెండు నిమిషాలు. ఆ సీను గురించి ఎవరూ ఎక్కడా ఒక్క మాట రాయలేదు.

"ఇక్కడ మీ నాడి డెబ్బై" అంది చిత్కళ. "మొదటినుంచి చివరిదాకా డెబ్బై దాటలేదు. మీరు కొంచెం కూడా భయపడలేదు. చూస్తున్న నాకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. మా యంత్రం దీన్ని పనికిరాదని పక్కన పెట్టేది, ఇందులో భయం లేదు కాబట్టి. ఉన్నదంతా నటనే."

సీతారత్నం ఆ ముక్కని ఇంకోసారి చూపించమంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ రోజు సంగతులు ఒక్కొక్కటే ఆమెకి గుర్తొచ్చాయి. ఆ పట్టకారు ఊపడం డైరెక్టరు చెప్పింది కాదట. ముందు రోజు బసలో నిజంగా పాలు కాచుకుంటూ, అద్దం ముందు నిలబడి, ఎంత ఊపితే చాలునో వందసార్లు చేసి చూసుకుందట. మరీ ఊపితే నాటకంలా ఉంటుంది, ఊపకపోతే తెలియదు అంది. పొయ్యి ఆరిపోనివ్వడం కూడా తన ఊహే. చెబుతుంటే ఆమె గొంతు మారింది. పనివాడు తన పని గురించి చెప్పుకునే గొంతు అది.

తరవాత ఇరావతి అడిగింది, ఆ ఏడు నిమిషాల్నీ ఏం చెయ్యమంటారని. కాల్చెయ్యమంటే కాల్చేస్తానంది. నిజం రాయమంటే రాస్తాను, వద్దంటే నా నోట రాదు. మీరెలా అంటే అలా.

 సీతారత్నం లేచి బయటికెళ్ళి మొక్కల మధ్య చాలాసేపు తిరిగింది. వీళ్ళిద్దరూ తెర తప్పించి చూస్తూ కూర్చున్నారు. ఎండ తగ్గాక లోపలికొచ్చి, గడప మీద కూర్చుంది.

"ఆ బొమ్మ నేను ఒక్కసారే చూశాను, రాజమండ్రిలో. అయిపోగానే జనం లేచి, చెప్పులు వెతుక్కుని, ఇళ్ళకెళ్ళిపోయారు. తలుపు తీసినట్టు అందులో లేదమ్మా. అంతమంది చూశారు, అంతమందీ నన్ను అందులోనే వదిలేసి పోయారు. నువ్వు తీసేదాంట్లో ఎవరైనా వచ్చి ఆ తలుపు తియ్యాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదు. నిజం సంగతి నేను ఉన్నన్నాళ్ళూ నా దగ్గరుంటుంది. పోయాక నీ ఇష్టం."

ఇరావతి సినిమా అలాగే మారింది. పాత షాట్ అందులో లేదు. తోడునాడి కుర్చీలూ లేవు. అవే వద్దన్నాక పెట్టుబడి పెట్టినవాళ్ళు ఇద్దరు తప్పుకున్నారు, సినిమా ఏడాది ఆలస్యమైంది. మణికొండలో ల్యాబు మూతపడింది. భయం నాడిని ఇంకో ఒంటికి అందించే భాగాన్ని చిత్కళ తన చేతులతోనే యంత్రంలోంచి తీసేసింది. అయినా కనిపెట్టిన దాన్ని కనిపెట్టనట్టు చెయ్యలేనని ఆమెకి తెలుసు. ఎవరో ఒకరు ఎక్కడో మళ్ళీ చేస్తారు.  ఫణీంద్ర కోలుకోవడం మెల్లగా జరిగింది. ఎనిమిది నెలలకి క్లాసు తలుపు దగ్గరగా వెయ్యగలిగాడు. లిఫ్టు ఇప్పటికీ ఎక్కడు. మైత్రికి కొత్త గోరు కొంచెం వంకరగా వచ్చింది. నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ ఆ పిల్ల తలుపులకి కుర్చీలు అడ్డం పెడుతుంది, ఎవరూ చెప్పకుండానే.

చివరి సీను తీసే రోజున చిత్కళ కూడా వెళ్ళింది. శంకర్‌పల్లి దాటాక ఒక ఖాళీ గోడౌన్‌లో సెట్ వేశారు. ఇప్పటి ఫ్లాటు, ఇప్పటి గది. లోపలున్న అమ్మాయి కొత్త నటి. బయటి గడియని ఆమె లోపలినుంచి కూడా తీసుకోగలిగేటట్టు పెట్టించింది ఇరావతి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చెయ్యమని పదిమంది ముందు చెప్పింది. తలుపు తీసే పక్కింటి ముసలమ్మ వేషం సీతారత్నానిది. అడిగింది ఇరావతే. ఒప్పుకోవడానికి ఆమె రెండు నెలలు తీసుకుంది.

అరవై ఏళ్ళ తరవాత ఆమె మళ్ళీ లైట్ల ముందు నిలబడింది.  లోపల అమ్మాయి తలుపు కొట్టింది. సీతారత్నం నడవాలోంచి నడుచుకుంటూ వచ్చి, ఒక్క క్షణం చెవి పెట్టి విని, గడియ తీసి తలుపు తెరిచింది. అమ్మాయి ఆమె మీదకి వాలిపోయింది. ఇరావతి కట్ చెప్పడం మరిచిపోయింది, అసిస్టెంట్ చెప్పాల్సివచ్చింది. సెట్లో సగం మంది కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

సీతారత్నం చెయ్యి అడ్డంగా ఊపి వాళ్ళని ఆపింది.

"బాగా రాలేదమ్మా" అంది ఇరావతితో. "లోపల ఎవరున్నారో ముందే తెలిసినదానిలా తీశాను. ఈవిడ పక్కింటావిడ, ఈవిడకేం తెలుసు? గడియ దగ్గర కొంచెం తటపటాయించాలి. ఇంకోసారి తీద్దాం."

మేకప్ అమ్మాయిని పిలిచి, మొహం మీద చెమట అద్దించుకుని, మళ్ళీ నడవా చివరికి వెళ్ళి నిలబడింది.